రెండు నెలల్లో ఏం ఒరుగుతుంది?

పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి వేసవిలో విదేశీ ల్యాబులో పనిచేసే అవకాశం వచ్చిందంటే మన విశ్వవిద్యాలయాల్లో మొదట వినపడేది అభినందన కాదు. ‘రెండు నెలల్లో ఏం ఒరుగుతుంది?’ అన్న ప్రశ్న. గైడు అంటాడు, హెచ్‌ఓడీ అంటాడు, ఫైలు కదపాల్సిన సెక్షన్ గుమాస్తా కూడా అంటాడు. ఇంట్లో చెబితే అక్కడా అదే మాట. ఇంతమంది ఒకే గొంతుతో అనే మాటను ఒకసారి నిలబెట్టి పరీక్షించడం సైన్సు చదువుకున్నవాళ్ల కనీస ధర్మం. పరీక్షిస్తే అది తప్పని తేలుతుంది. ఉత్త తప్పే అయితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. మన రాష్ట్రాల పరిశోధనకు, ముఖ్యంగా పెద్ద సంస్థల్లో సీటు రాని పిల్లలకు, ఆ మాట ఏటా నష్టం చేస్తోంది.

పూర్వపక్షాన్ని దాని బలం తగ్గించకుండా ముందు చెబుతాను. పరిశోధన ఏళ్ల తరబడి సాగే పని. కొత్త దేశంలో దిగి, గది చూసుకుని, సేఫ్టీ ట్రైనింగు పూర్తి చేసి, ల్యాబులో అడుగు పెట్టేసరికే రెండు వారాలు పోతాయి. చివరి వారం సర్దుకోవడానికి సరి. మధ్యలో మిగిలే ఐదారు వారాల్లో పేపరు రాదు. ఇక్కడ థీసిస్ పని కుంటుపడుతుంది. తెలుసుకోవాల్సిందంతా జర్నళ్లలో ఉంది, లేదంటే యూట్యూబులో ఉంది, ఇంకా అనుమానముంటే జూమ్‌లో అడగొచ్చు. పైగా ఒకసారి అక్కడి రుచి మరిగినవాడు తిరిగి రాడు. ఆ ఖర్చేదో ఇక్కడ పెడితే ఒక పరికరమైనా మిగులుతుంది. ఇవి దురుద్దేశంతో అనే మాటలు కావు. నాకు గౌరవమున్న పెద్దలే అంటారు. అయినా వీటిలో ఏ ఒక్కటీ నిలవదు.

‘అంతా పేపర్లలో ఉంది’ అన్నదాన్ని ముందు తీసుకోవాలి. మిగతా వాదనలకు పునాది అదే.

గురుత్వ తరంగాలను పట్టుకునే డిటెక్టర్లలో అద్దాలుంటాయి. ఆ అద్దాలను ఏ పదార్థంతో చేస్తే మంచిదన్న అన్వేషణలో సఫైర్ స్ఫటికం పేరు గట్టిగా వినపడింది. అక్కడ ముఖ్యమైంది ‘క్యూ’ అనే విలువ. గంట కొడితే ఎంతసేపు మోగుతుందో, అలా ఒక పదార్థం తనలోని కంపనాన్ని ఎంతసేపు నిలుపుకుంటుందో చెప్పే విలువ అది. సఫైర్‌కు ఈ విలువ చాలా ఎక్కువని మాస్కో స్టేట్ యూనివర్సిటీలో వ్లదీమిర్ బ్రగీన్‌స్కీ బృందం కొలిచి ప్రకటించింది. పద్ధతి అచ్చులో ఉంది. ఎవరైనా చదవొచ్చు. అయినా సుమారు 20 ఏళ్లపాటు పశ్చిమ దేశాల్లో ఏ ల్యాబూ ఆ కొలతను తిరిగి రాబట్టలేకపోయింది. చివరికి 1990ల ఆఖరులో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో అది సాధ్యమైంది. ఎలా? మాస్కో మనిషి వచ్చి గ్లాస్గో వాళ్ల పక్కన నిలబడి పనిచేశాక.

అతను చేసి చూపిన పనుల్లో ఒకటి చెబుతాను. స్ఫటికాన్ని గాలి తీసేసిన గదిలో సన్నని దారపు ఉచ్చులో వేలాడదీసి కొలవాలి. ఏ దారం, ఎంత సన్నం, ఎలా బిగించాలి, దానికి ఎంత జిడ్డు పట్టించాలి అన్నవన్నీ కొలతను మార్చేస్తాయి. ఆ రష్యన్ శాస్త్రవేత్త సన్నని చైనా పట్టు దారాన్ని తన ముక్కు దూలం మీదుగానో చెవి వెనకనుంచో ఒక్కసారి లాగేవాడు. ఒంటికి ఉండే ఆ కాస్త జిడ్డు సరిగ్గా సరిపోయేది. గ్లాస్గో వాళ్లు చెవి పద్ధతిని పట్టుకున్నారు. అందరి చర్మమూ అందుకు పనికిరాదని, కొందరిదే పనికొస్తుందని కూడా అక్కడే తేలింది. హారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ ప్రయోగాన్ని దగ్గరుండి గమనించి 2001లో ఈ వివరాలతో వ్యాసం ప్రచురించాడు. ఏ జర్నల్లోనూ, ఏ ‘ప్రయోగ పద్ధతి’ విభాగంలోనూ చెవి వెనక జిడ్డు గురించి రాయరు. దాచాలని కాదు. చేసేవాడికి అది రాయాల్సిన సంగతని తోచదు. అది కనపడేది పక్కన నిలబడ్డవాడికే.

ఇదే కాలిన్స్ అంతకు ముందు, 1974లో, టీఈఏ అనే రకం లేజర్ కట్టడానికి ప్రయత్నించిన బ్రిటిష్ ల్యాబుల మీద ఒక అధ్యయనం రాశాడు. అచ్చయిన సమాచారం ఒక్కటే ఆధారంగా పనిచేసే లేజర్ కట్టగలిగిన బృందం అతనికి ఒక్కటీ కనపడలేదు. కట్టినవాళ్లందరికీ, అప్పటికే కట్టినవాళ్లతో ముఖాముఖి పరిచయం ఉంది.

సంగీతం గురుముఖతః నేర్వాలని, వైద్యం చేయి పట్టుకుని నేర్పాలని తరతరాలుగా నమ్మిన సమాజం మనది. ప్రయోగశాస్త్రానికి మాత్రం పీడీఎఫ్ చాలని ఎప్పుడు తీర్మానించుకున్నామో నాకు అర్థం కాదు.

మన దగ్గర ఈ పని ఎలా నడుస్తుందో చూడండి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నానో పదార్థాల మీద పనిచేసే స్కాలరు తాను చేసిన పొడిని చిన్న సీసాలో పోసి, మూతకు పారాఫిల్మ్ చుట్టి, ఫారం నింపి, ఫీజు కట్టి, ఏ మద్రాసు ఐఐటీలోనో బొంబాయి ఐఐటీలోనో ఉన్న సైఫ్ కేంద్రానికి కొరియర్ చేస్తాడు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే ఆ కేంద్రాలే లేకపోతే మన థీసిస్‌లలో సగం పుట్టేవే కావు. వాటి మేలు మరవకూడదు. కొన్ని వారాల తరవాత ఈమెయిల్లో బొమ్మలొస్తాయి. స్కాలరు వాటిని థీసిస్‌లో పెట్టి, టెమ్ విశ్లేషణ జరిపామని కింద రాస్తాడు. ఆ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు అతను ఒక్క గంట కూడా కూర్చుని ఉండడు. బొమ్మలో కనిపించే నల్లటి మచ్చ తన పదార్థమో, నమూనా తయారీలో చేరిన మలినమో, ఎలక్ట్రాన్ పుంజం తగిలి పాడైన చోటో అతనికి తెలిసే దారి లేదు. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగితే నీళ్లు నములుతాడు. అందులో అతని తప్పేమీ లేదు. చూడనిదాన్ని గురించి ఎవరైనా ఏం చెబుతారు?

అదే స్కాలరు ఒక వేసవి మంచి మైక్రోస్కోపీ ల్యాబులో గడిపాడనుకోండి. రెసిన్‌లో బిగించిన నమూనాను అల్ట్రామైక్రోటోమ్ మీద వజ్రపు కత్తితో పొరలుగా కోయడం నేర్పుతారు. కత్తికి ఆనుకుని చిన్న తొట్టి, అందులో నీళ్లు. తెగిన పొర ఆ నీటి మీదికి జారి తేలుతుంది. దాని మందం తెలియాలంటే రంగు చూడాలి. వెండిలా మెరిస్తే సుమారు 60 నుంచి 90 నానోమీటర్లు, పనికొస్తుంది. బంగారు రంగు వస్తే మందం ఎక్కువైంది. ఊదా రంగుకు తిరిగితే పారేయాల్సిందే. తేలుతున్న పొరలను ఒకచోటికి చేర్చడానికి వాడే పనిముట్టు, ఒక పుల్ల చివర అంటించిన కనురెప్ప వెంట్రుక. మొదటి వారమంతా పొరలు నలిగిపోతాయి, చిరుగుతాయి, కత్తికి అంటుకుపోతాయి. మూడో వారానికి చెయ్యి తిరుగుతుంది. ఆరో వారానికి పక్కవాడి పొర మీది గీత చూసి కత్తి అంచు ఏ చోట దెబ్బతిన్నదో చెప్పగలుగుతాడు.

ఒరిగేది ఇదీ. ఇది పేపరుగా లెక్కకు రాదు, స్కోపస్‌లో కనపడదు. తిరిగొచ్చాక అతను కొరియర్‌లో పంపే నమూనా మారుతుంది, సైఫ్ వాళ్లను అడిగే ప్రశ్న మారుతుంది, వచ్చిన బొమ్మను చూసే చూపు మారుతుంది. అతని పక్క బల్ల మీద పనిచేసే జూనియర్లకు అది డబ్బు ఖర్చు లేకుండా చేరుతుంది. రెండు నెలల ఫలితాన్ని రెండో నెల చివరి రోజున లెక్కగట్టేవాళ్లకు ఇదంతా సున్నాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కాలం చాలదన్న వాదనకు ఇంకా గట్టి జవాబు చరిత్రలో ఉంది. న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో 1945 వేసవిలో మాక్స్ డెల్బ్రూక్ ఒక కోర్సు మొదలుపెట్టాడు. బాక్టీరియాను తినే వైరస్‌లతో, అంటే ఫేజ్‌లతో, ప్రయోగాలు చేయడం నేర్పే కోర్సు. మూడు వారాల పని. 1947లో అక్కడ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో లియో జిలార్డ్ ఒకడు. అణు గొలుసు చర్యను ఊహించిన భౌతిక శాస్త్రవేత్త, అప్పటికే ప్రపంచ ప్రసిద్ధుడు. తన సహచరుడు ఆరన్ నోవిక్‌తో కలిసి విద్యార్థిలా కూర్చున్నాడు. కొద్ది ఏళ్లకే వాళ్లిద్దరూ కీమోస్టాట్ అనే పరికరాన్ని తయారుచేశారు. బాక్టీరియాను ఒకే స్థితిలో పెంచుతూ పోవడానికి ఇప్పటికీ వాడుతున్నారు దాన్ని. 1948లో సీమోర్ బెంజర్ వచ్చాడు. అతనూ భౌతిక శాస్త్రం వాడే. జన్యువు లోపలి నిర్మాణాన్ని మ్యాపుగా గీసిన పని తరవాత అతని చేతుల మీదుగానే జరిగింది. అణు జీవశాస్త్రం అనే శాఖ ఎదగడంలో ఆ వేసవి కోర్సు పాత్ర ఎంతో, ఆ శాఖ చరిత్ర రాసిన ప్రతివాడూ చెబుతాడు. మూడు వారాల్లో ఏం ఒరుగుతుందని జిలార్డ్ అడగలేదు.

అన్నీ ఉన్నవాళ్లు ఏం చేశారో కూడా చూడాలి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1990లో తన దేశపు సైన్సు, ఇంజనీరింగు గ్రాడ్యుయేట్ విద్యార్థులను వేసవిలో జపాను ల్యాబులకు పంపడం మొదలుపెట్టింది. తరవాత కొరియా, తైవాన్, చైనా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్ చేరాయి. ఈఏపీఎస్ఐ అని పిలిచేవారు. ఎనిమిది వారాలు, జపానులో అయితే పది. విమానం టికెట్టు, 5,000 డాలర్ల స్టైపెండు, ఉండడానికి ఆతిథ్య దేశం సాయం. జపానుకు వెళ్లినవాళ్లకు మొదట భాషా పాఠాలు, ఒక జపాను కుటుంబంతో కొద్ది రోజుల బస. ప్రపంచంలోని గొప్ప ల్యాబుల్లో అధిక భాగం తన గడ్డ మీదే ఉన్న దేశం తన పిల్లలను ఎందుకు పంపినట్టు? పదార్థ శాస్త్రంలో, ఎలక్ట్రానిక్స్‌లో జపాను వాళ్ల చేతివాటం ఎలాంటిదో కళ్లారా చూసి రావాలని. రేపు వాళ్లతో కలిసి పనిచేయాల్సిన తరానికి ముందే పరిచయాలు కలగాలని. ఆ కార్యక్రమం ఇప్పుడు లేదు. దాన్ని ఆపేశారు కాబట్టి పనికిమాలినదని వాదించేవాళ్లకు ఒక మాట: విద్యార్థులను జట్టుగా విదేశీ పరిశోధనకు పంపే ఐఆర్ఈఎస్ అనే మరో పథకాన్ని అదే ఫౌండేషన్ నడుపుతూ వచ్చింది. అన్నీ ఉన్న దేశానికి అవసరమనిపించిన పని, టెమ్ బొమ్మ కోసం కొరియర్ మీద ఆధారపడే మనకు విలాసం ఎలా అవుతుంది?

ఇక్కడ కొందరు రామన్‌ను అడ్డు పెడతారు. విదేశీ డిగ్రీ లేకుండా, కలకత్తాలో, చౌక పరికరాలతో నోబెల్ తెచ్చాడు కదా అని. నిజమే. కానీ ఆ ప్రశ్న ఆయనకు ఎక్కడ పట్టుకుందో కూడా చెప్పాలి. 1921 వేసవిలో ఆక్స్‌ఫర్డులో జరిగిన విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా తరఫున వెళ్లాడు. అదే ఆయన మొదటి విదేశీ ప్రయాణం. తిరుగు ప్రయాణంలో నర్కుండా ఓడ మీదనుంచి మధ్యధరా సముద్రపు నీలిరంగు చూశాడు. అది ఆకాశపు ప్రతిబింబమేనన్న అప్పటి అభిప్రాయాన్ని నికల్ పట్టకంతో ఓడ డెక్కు మీదే పరీక్షించాడు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్న ఆలోచన అక్కడ బలపడింది. బొంబాయి రేవు చేరేసరికి ‘నేచర్’ పత్రికకు ఉత్తరం సిద్ధం. అక్కడ మొదలైన దారే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దొరికేదాకా నడిచింది. పని ఇక్కడే జరిగింది, ఆ గౌరవం ఇక్కడిదే. ప్రశ్న మాత్రం ఒక చిన్న ప్రయాణం తెచ్చిపెట్టింది.

మన సి.ఆర్. రావు గారి సంగతి ఇంకా దగ్గరిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మనిషి. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది డిగ్రీ కోసం కాదు, ఒక పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతితో విశ్లేషించి పెట్టమని కేంబ్రిడ్జి మ్యూజియం అడిగింది. ఎముకల కొలతలు చూస్తూనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశాడు. 1948లో కలకత్తా తిరిగొచ్చి దశాబ్దాల పాటు ఆ సంస్థలోనే పనిచేశాడు, తరాల సంఖ్యాశాస్త్రవేత్తలను తయారుచేశాడు. ఆయనది రెండు నెలల ప్రయాణం కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక నిర్దిష్టమైన పని మీద వెళ్లడం, అనుకున్నదానికంటే ఎక్కువ నేర్చుకోవడం, తిరిగొచ్చి ఇక్కడ పాతుకోవడం, ఈ మూడూ అందులో ఉన్నాయి.

‘వెళ్తే తిరిగి రారు’ అన్న మాటకు ఇంతకంటే వివరంగా జవాబు చెప్పాలి. దీన్ని అందరికంటే లోతుగా అనుభవించినవాడు పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం. కేంబ్రిడ్జిలో చదివి 1951లో లాహోర్ తిరిగొచ్చాడు. పని గురించి మాట్లాడదగ్గ మనిషి దగ్గరలో లేడు, కొత్త పరిశోధన చేరేది కాదు, బయటికి వెళ్లొచ్చే వీలు లేదు. భౌతిక శాస్త్రమా, దేశమా తేల్చుకోవాల్సి వచ్చింది. 1954లో కేంబ్రిడ్జికే వెళ్లిపోయాడు. ఆ బాధనుంచే 1964లో ఇటలీలోని ట్రీస్టేలో సైద్ధాంతిక భౌతిక శాస్త్ర కేంద్రం, ఐసీటీపీ, పుట్టింది. దాని అసోసియేట్ పథకం ఏమిటంటే: పేద దేశపు శాస్త్రవేత్త తన ఉద్యోగం, తన ఊరు వదలకుండా, సెలవుల్లో కొన్ని వారాలు ట్రీస్టే వచ్చి, కొత్త పని తెలుసుకుని, తోటివాళ్లతో కలిసి పనిచేసి తిరిగి వెళ్తాడు. కొద్ది ఏళ్లలో మళ్లీ మళ్లీ రావచ్చు. వలసను ఆపడానికే సలాం చిన్న ప్రయాణాలను కనిపెట్టాడు. మనవాళ్లు వలస భయంతో చిన్న ప్రయాణాలను ఆపుతున్నారు. ఉన్న ఒక్క కిటికీ మూసేస్తే, ఊపిరాడనివాడు తలుపు తీసుకుని పూర్తిగా వెళ్లిపోతాడు. ఇంత తేలికైన విషయం ఎందుకు కనపడటం లేదో!

ఇందులో మన తెలుగు ఇళ్ల వైఖరి నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. అమెరికాలో ఎంఎస్ కోసమైతే పొలం తాకట్టు పెట్టి, లక్షలకు లక్షలు బ్యాంకు లోను తీసుకుని పంపే తల్లిదండ్రులున్నారు. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, అక్కడ ఏం నేర్పుతారన్నది అమీర్‌పేట కన్సల్టెన్సీ చెప్పినంతే తెలుసు. దానికి ఎవరూ ‘ఏం ఒరుగుతుంది’ అనరు. అదే పిల్లకో పిల్లాడికో ఒక జర్మనీ ల్యాబు టికెట్టిచ్చి, స్టైపెండిచ్చి, ఒక ప్రొఫెసరు పేరుపెట్టి పిలిచి రెండు నెలలు పని నేర్పుతానంటే మాత్రం అది దండగ ఖర్చు, కాలయాపన. అప్పు చేసి వెళ్లేది భవిష్యత్తు, డబ్బు తీసుకుని వెళ్లేది విహారయాత్ర! ఈ లెక్కను తల్లిదండ్రులే ఒకసారి తిరగేసి చూసుకోవాలి.

ఈ అపోహకు కారణమైనవాళ్లు కొందరున్నారు, వాళ్లను వదిలిపెట్టకూడదు. ‘ఇంటర్నేషనల్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ పేరుతో విద్యార్థి దగ్గరే లక్షలు తీసుకుని, రెండు వారాలు ఒక నగరంలో తిప్పి, క్యాంపస్ ముందు ఫొటో తీసి, చివర ఒక సర్టిఫికేట్ చేతిలో పెట్టే వ్యాపారాలు పుట్టుకొచ్చాయి. అది పరిశోధన కాదు. విహారయాత్ర అన్న నింద దానికి అక్షరాలా తగుతుంది. అసలైనదాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నిజమైన కార్యక్రమం విద్యార్థికి డబ్బిస్తుంది, విద్యార్థి దగ్గర తీసుకోదు. ఏ ప్రొఫెసరు దగ్గర, ఏ సమస్య మీద పనిచేయాలో ముందే తేలుతుంది. భారత విద్యార్థులకు జర్మనీ ఇచ్చే డాడ్-వైజ్, ఫ్రాన్సు ఇచ్చే షార్పాక్, భారత అమెరికా ఉమ్మడిగా నడిపిన ఎస్.ఎన్. బోస్ స్కాలర్స్, కెనడావారి మైటాక్స్ గ్లోబలింక్, అన్నిటి నియమమూ ఇదే. నకిలీ మందులున్నాయని మందులు మానేయం కదా.

ఒక లోటు మాత్రం నిజం, అది చెప్పాలి. పైన చెప్పిన పథకాల్లో ఎక్కువ బీటెక్, ఎమ్మెస్సీ పిల్లల కోసం. పీహెచ్‌డీ స్కాలరుకు వేసవి దారులు తక్కువ. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి గాని అవి ఆరు నుంచి తొమ్మిది నెలలవి. కాబట్టి పీహెచ్‌డీ వాళ్ల వేసవి చాలావరకు ప్రొఫెసరు ప్రొఫెసరుకు రాసే ఉత్తరం మీద ఆధారపడుతుంది. అంటే ఇక్కడి గైడు అడ్డం తిరిగితే దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఇదే కారణంగా గైడు నోటినుంచి వచ్చే ఆ ఒక్క ప్రశ్నకు అంత బరువు.

డబ్బుతో పరికరం కొనొచ్చనే వాదన నేను చాలా సమావేశాల్లో విన్నాను. ఒక టికెట్టు, రెండు నెలల గది అద్దె కలిపితే వచ్చే మొత్తానికి మంచి మైక్రోస్కోపులో ఒక భాగం కూడా రాదు. అంతకంటే పెద్ద విషయం, కొన్న పరికరాలు ఏమవుతున్నాయన్నది. గ్రాంటు వచ్చిన ఏడాది ఆర్భాటంగా ప్రారంభించి, కంపెనీ ఇంజనీరు వచ్చి ఒక పూట చూపించి వెళ్లాక, ఏఎంసీ గడువు తీరి, ప్లాస్టిక్ కవరు కప్పుకుని కూర్చున్న యంత్రాలు మన శాఖల్లో ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే ఆ వాదన చేసేవాళ్లే తలదించుకుంటారు. అక్కడ కరువు యంత్రానికి కాదు, దాన్ని బతికించే చేతులకు. ఆ చేతులు తయారయ్యేది, అలాంటి యంత్రం రాత్రింబవళ్లు నడిచే చోట కొంతకాలం ఉన్నప్పుడే.

సరే, బెంగళూరు పంపితే చాలదా, హైదరాబాదులోనే సీసీఎంబీ ఉంది కదా అంటారు. తప్పకుండా పంపండి. మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ విద్యార్థులను, అధ్యాపకులను కూడా రెండు నెలలు మంచి ల్యాబులకు పంపుతుంది. నేను చెప్పేదాని సారం అక్కడా వర్తిస్తుంది. కానీ బెంగళూరును అడ్డుపెట్టే పెద్దలు, స్కాలరు బెంగళూరు వెళ్తానన్నప్పుడు సంతోషంగా పంపారా అన్నది నా ప్రశ్న. అప్పుడూ రెండు నెలల్లో ఏం ఒరుగుతుందనే కదా అన్నారు? ఇక కొన్ని పనులకు విదేశం తప్పదు. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉన్నా, ఇంకా ప్రకాశవంతమైన ఎక్స్-కిరణాలు కావాల్సిన ప్రయోగాలకు మన దేశమే హాంబర్గ్‌లోని డెజీలో, ట్రీస్టేలోని ఎలెట్రాలో, జపానులో త్సుకుబాలోని కేఈకేలో డబ్బు పెట్టి అవకాశం సంపాదించింది. వెళ్లే భారతీయ బృందాలకు కేంద్రం ప్రయాణ సాయం కూడా ఏర్పాటు చేసింది. కావాల్సింది ప్రతిపాదన రాయడం తెలిసిన స్కాలరు. అది రాయడం తెలిసేదీ, అలాంటి చోట ఒకసారి పనిచేసినవాళ్లకే.

నష్టం ఎవరికి ఎక్కువో చెప్పి తీరాలి. ఐఐటీల్లో, ఐఐఎస్సీలో ఉన్న విద్యార్థికి ఈ చర్చ అవసరమే లేదు. అక్కడి గైడుకు నాలుగు దేశాల్లో స్నేహితులుంటారు, ఆఫీసులో పనులు జరిగిపోతాయి. ఈ మాట వినపడేది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, అనుబంధ కాలేజీల్లో. జేఆర్ఎఫ్ వచ్చినవాడికి నెలకు 37,000 రూపాయలుంటాయి. ఏ ఫెలోషిప్పూ లేకుండా గెస్ట్ లెక్చరర్ పని చేసుకుంటూ పీహెచ్‌డీ లాగేవాడికి టికెట్టు డబ్బు కూడా కొండంత. అవకాశం అతి అవసరమైనవాడికే మనం దాన్ని పనికిరానిదిగా చిత్రించి చూపుతున్నాం.

ఆడపిల్లల విషయంలో ఇంకో గోడ అదనం. నాకు తెలిసిన ఒక కెమిస్ట్రీ స్కాలరుకు జనవరిలో యూరప్ ల్యాబునుంచి ఆహ్వానం వచ్చింది. జూన్‌లో చేరాలి. ఎన్‌ఓసీ ఫైలు గైడు దగ్గరనుంచి హెచ్‌ఓడీకి, అక్కడినుంచి ప్రిన్సిపాలుకు, అక్కడినుంచి రిజిస్ట్రారు సెక్షనుకు వెళ్లి, ఒక కాగితం లేదని వెనక్కి వచ్చి, మళ్లీ పైకి వెళ్లింది. సెక్షనులో అడిగిన ప్రశ్న, ‘ఒక్కదానివే వెళ్తావా అమ్మా, ఇంట్లో ఒప్పుకున్నారా?’ అని. ఇరవై ఏడేళ్ల మనిషిని, నెట్ పాసై తన కాళ్ల మీద తాను నిలబడ్డ మనిషిని. మే చివర్లో ఎన్‌ఓసీ చేతికొచ్చేసరికి వీసా అపాయింట్‌మెంట్లు అయిపోయాయి. ఆ ల్యాబువాళ్లు వచ్చే ఏడాది రమ్మన్నారు. వచ్చే ఏడాదికి ఇంట్లో పెళ్లి చూపులు. ఆమెలో ఏ లోపమూ లేదు, ఆ ల్యాబులోనూ లేదు. ఐదు నెలలు ఒక కాగితాన్ని తిప్పినవాళ్లే, రెండు నెలల్లో ఏం ఒరుగుతుందని ఆమెను అడిగారు.

థీసిస్ ఆలస్యమవుతుందన్న భయానికి నిబంధనల్లోనే సమాధానం ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు. అంత గడువులో రెండు నెలలు వేరే ల్యాబులో పనిచేస్తే గడియారం ఆగిపోదు. ప్రతి సెమిస్టరూ స్కాలరు పరిశోధన సలహా సంఘం ముందు తన ప్రగతి చెప్పుకోవాలని ఆ నిబంధనలే అంటున్నాయి. ఆ నివేదికలో విదేశీ ల్యాబు పనిని కూడా పనిగా రాసుకోనిస్తే సరిపోతుంది. సెలవుగా లెక్కగట్టి హాజరు కోసేయడం ఆపాలి.

దరఖాస్తుల గడువులు చాలావరకు అక్టోబరు, జనవరి మధ్యే ముగుస్తాయి. స్కాలరు కదలాల్సింది అప్పుడే, శాఖ కదలాల్సిందీ అప్పుడే. ఎన్‌ఓసీ అడిగిన రెండు వారాల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాసివ్వాలి. ఫెలోషిప్పు లేని స్కాలరుకు టికెట్టు కోసం శాఖ ప్రాజెక్టుల ఓవర్‌హెడ్ నిధిలోంచి కొంత పక్కన పెట్టాలి. వెళ్లొచ్చిన ప్రతివాడూ మొదటి నెలలోనే జూనియర్లను ల్యాబులో కూర్చోబెట్టి నేర్చుకున్నది చేసి చూపించాలి, స్లైడ్లతో సరిపెట్టకూడదు. దసరా సెలవులయ్యాక జరిగే మొదటి శాఖా సమావేశంలోనే వీటిని తీర్మానించి పైకి పంపొచ్చు. ఇందుకు కొత్త జీవో గాని, ఢిల్లీ అనుమతి గాని అక్కర్లేదు.